గుర్తింపు – బాధ్యత: ప్రాథమిక పాఠశాలలో డిస్లెక్సియా పరిశీలనపై ఒక నైతిక విచారణ

వ్యాస సంగ్రహం

చదవడంలో వెనుకబడిన పిల్లలను తొలి తరగతుల్లోనే పరిశీలించి డిస్లెక్సియా ఆనవాళ్లను పట్టుకోవాలన్న భావన నేడు భారతదేశంలో చట్టబద్ధమైంది. అయితే ఆ పరిశీలన బిడ్డకు మేలు చేస్తుందా, లేక అతని మీద మరొక ముద్ర వేస్తుందా అన్న నైతిక ప్రశ్న మిగిలే ఉంది. తెలుగు లిపి స్వభావం, నీతిచంద్రిక కథాముఖం, వ్యావహారిక భాషావాద చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను విచారిస్తుంది. పరిశీలన బిడ్డకు పెట్టే పరీక్ష కాదనీ, బడి తన మీద వేసుకునే బాధ్యత అనీ, కాబట్టి చేయూత పేరు కంటే ముందు రావాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డిస్లెక్సియా, తొలి పఠనం, గుర్తింపు, గుణింతం, నీతిచంద్రిక, వ్యావహారిక భాషావాదం, నిర్బంధ విద్య.

1. ప్రవేశిక

మూడో తరగతి పిల్లవాణ్ణి ఒకణ్ణి ఊహించవచ్చు. పాఠం చదవమనగానే లేచి పుస్తకం తెరుస్తాడు. తడుముకోకుండా మొదటి పేరా వినిపిస్తాడు. కాని వేలు ఒక పంక్తి మీద ఉంటే నోరు మరొక పంక్తిలో ఉంటుంది. పేజీ తిప్పవలసిన చోట తిప్పడు. అతను చదవడం లేదు. తనకంటే ముందు చదివినవారి నోట విన్నదాన్ని అప్పజెబుతున్నాడు. అదే వాక్యంలోని ఒక మాటను విడిగా నల్లబల్ల మీద రాసి చూపితే మౌనం వహిస్తాడు. ఆ మౌనాన్ని గమనించిన ఉపాధ్యాయురాలి ముందు మూడు దారులుంటాయి: పోనుపోను వస్తుందిలే అని ఊరుకోవడం, శ్రద్ధ లేదని మందలించడం, ఎందుకు చదవలేకపోతున్నాడో పరిశీలించడం. మూడోదే సరైనదని తోస్తుంది. అది ఎప్పుడు సరైనది, ఏ షరతుల మీద సరైనది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు తెలుగులో ఒక మాట దారి చూపుతుంది. ‘గుర్తింపు’ అన్న పదానికి వాడుకలో రెండు అర్థాలున్నాయి. సాక్షి నిందితుణ్ణి గుర్తించాడంటే ఆనవాలు పట్టాడని అర్థం. కళాకారుడికి గుర్తింపు వచ్చిందంటే అతని విలువను లోకం ఒప్పుకుందని అర్థం. మొదటిది చూసేవాడి పని మాత్రమే. రెండోది చూసేవాడికీ చూడబడేవాడికీ మధ్య ఏర్పడే సంబంధం. బడిలో జరిగే డిస్లెక్సియా పరిశీలన మొదటి అర్థంలో గుర్తింపుగా ఆగిపోతుందా, రెండో అర్థానికి చేరుతుందా అన్నదాని మీదనే దాని నైతికత ఆధారపడి ఉంటుంది.

2. పేరుకు పట్టిన కాలం

‘డిస్లెక్సియా’ అన్న పదాన్ని 1887లో జర్మన్ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ వాడుకలోకి తెచ్చాడు. మెదడు దెబ్బతిని చదివే శక్తి పోగొట్టుకున్న పెద్దలను గురించి ఆయన రాశాడు. పిల్లల్లో పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉండవచ్చని 1896లో ఆంగ్ల వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ చూపాడు. ఆయన వర్ణించిన పెర్సీ అనే పద్నాలుగేళ్ల బాలుడు తెలివైనవాడు, ఆటపాటల్లో చురుకైనవాడు. ఏళ్ల తరబడి నేర్పినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేకపోయాడు. చదువంతా నోటిమాటగా సాగితే బడిలో అతనే అందరికంటే చురుకైనవాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. బుద్ధి వేరు, చదవగలగడం వేరు అన్న అవగాహనకు ఈ మాట తొలి సాక్ష్యాలలో ఒకటి.

భారతదేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో అభ్యసన వైకల్యాల ప్రస్తావన లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న ఇరవై ఒక్క వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు చేరాయి. ఆ చట్టంలోని 16వ సెక్షన్ వాటిని పిల్లల్లో వీలైనంత తొందరగా పసిగట్టాలనీ, అధిగమించడానికి తగిన బోధనా చర్యలు తీసుకోవాలనీ విద్యాసంస్థలకు విధి నిర్ణయించింది. 2018 జనవరిలో వెలువడిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో గాని ఎనిమిదో ఏట గాని, ఏది ముందైతే అప్పుడు, ఉపాధ్యాయులు ఈ పరిశీలన జరపాలి. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండిన తర్వాతే ఇస్తారు.

వయసు నిర్ణయంలో వివేకం ఉంది. ఆరేళ్ల బిడ్డ తడబాటుకు కారణం వయసో, బోధనో, వైకల్యమో తేల్చడం కష్టం. అయితే ఒకటో తరగతి నుంచి ఆ ధ్రువపత్రం వరకు రెండు మూడేళ్ల కాలం ఉంది. చదువు రాదన్న నమ్మకం బిడ్డ మనసులో పాతుకునేది ఆ కాలంలోనే. పేరు వచ్చేదాకా సహాయం ఆగాలన్న నియమం చట్టంలో ఎక్కడా లేదు. ధ్రువపత్రం ఉంటే తప్ప చేయూత ఉండదన్నది ఆచరణలో స్థిరపడే అలవాటు మాత్రమే.

3. నిర్బంధం నుంచి పుట్టే ఋణం

చదవలేకపోవడం ఎప్పుడూ వైకల్యమేనా? తెలుగునాట శతాబ్దాల పాటు అక్షరం తెలియని గాయకులు సుదీర్ఘ వీరగాథలను నోటనే నిలుపుకున్నారు. వారి సమాజంలో విద్వత్తుకు కొలమానం ధారణ. పెర్సీ వంటి బాలుడు అటువంటి వృత్తిగాయకుల ఇంట పుట్టి ఉంటే అతని లోపం ఎవరికీ కనిపించి ఉండకపోవచ్చు. దీన్నిబట్టి డిస్లెక్సియా కల్పితమని చెప్పరాదు. శబ్దాన్ని లిపితో ముడిపెట్టడంలో ఇబ్బంది బిడ్డలో వాస్తవంగానే ఉంది. అది జీవితాన్ని కుంగదీసే లోపంగా మారడం మాత్రం అక్షరాన్ని ప్రతి ద్వారానికీ తాళంగా బిగించిన వ్యవస్థలో జరుగుతుంది.

ఆ వ్యవస్థలోకి బిడ్డ తనంతట తాను రాలేదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేశాయి. ‘నిర్బంధం’ అన్న మాట వినగానే అది బిడ్డ మీద ఉన్నదనిపిస్తుంది. చట్టం ఇచ్చిన వివరణ వేరు. నిర్బంధ విద్య అంటే విద్యను అందించి, ప్రవేశం, హాజరు, చదువు పూర్తికావడం చూడవలసిన ప్రభుత్వ బాధ్యత. అంటే నిర్బంధానికి లోబడవలసింది ముందుగా ప్రభుత్వమే. బిడ్డను రోజూ బడిలో కూర్చోబెట్టి, చదవడాన్ని తప్పనిసరి చేసిన తర్వాత, చదవలేనివాడికి అందించే సహాయం దయ కాదు, తీర్చవలసిన ఋణం. డిస్లెక్సియా చేయూతను దాతృత్వ భాషలో మాట్లాడటం అందుకే సరికాదు.

4. తెలుగు అక్షరం ముందు బిడ్డ

ఋణం తీర్చాలంటే బిడ్డ ఎక్కడ ఆగుతున్నాడో తెలియాలి. ఆంగ్లంతో పోలిస్తే తెలుగు లిపి నిజాయితీ గలది. రాసినట్టే పలుకుతారు. దీన్నిబట్టి తెలుగులో డిస్లెక్సియా ఉండదన్న భ్రమ కొందరిలో ఉంది. ఉచ్చారణకూ రాతకూ పొంతన ఎక్కువగా ఉన్న భాషల్లో ఈ ఇబ్బంది తప్పులుగా కంటే నెమ్మదిగా ఎక్కువ కనిపిస్తుందని జర్మన్ పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. అక్షరాలను ఒక్కొక్కటిగా సరిగానే పలికే బిడ్డ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలును మరిచిపోతాడు. అతన్ని తప్పుల లెక్కతో కొలిస్తే దొరకడు.

తెలుగు లిపికి తనదైన భారం కూడా ఉంది. వర్ణమాల యాభై ఆరు అక్షరాలతో ముగియదు. గుణింతాలు, ఒత్తులు కలిపి నేర్వవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. బ–భ, ద–ధ, ప–ష జంటల మధ్య భేదం చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. ‘స్త్రీ’ అన్న మాటను చూస్తే, పలుకుబడిలో చివర వచ్చే ఈకారం రాతలో గుడిదీర్ఘంగా మొదటి హల్లు మీద కూర్చుంటుంది. మధ్యలో పలికే తకార రేఫలు కిందికి దిగుతాయి. కన్ను నడిచే దారి, నాలుక నడిచే దారి ఒకటి కావు. తెలుగుకు సోదర లిపి అయిన కన్నడంలో తొలి పఠనాన్ని పరిశీలించిన సోనాలి నాగ్ 2007 నాటి అధ్యయనం ఈ అక్షర సముదాయం మీద పట్టు రావడానికి కొన్నేళ్లు పడుతుందని చూపింది. తెలుగు పిల్లల్లో ధ్వని జ్ఞానం పెరిగే తీరును దుగ్గిరాల వసంత 2004లోనే పరిశీలించారు.

ఈ సమాచారానికి నైతిక ప్రాధాన్యం ఉంది. ఆంగ్లానికి రూపొందిన కొలతతో తెలుగు బిడ్డను కొలవడం అన్యాయం. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన ‘డాలి’ సాధనాలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషల్లో రావడానికి కారణం ఈ ఎరుకే. బిడ్డ చదవడం నేర్చుకుంటున్న ప్రతి భాషలోనూ అతన్ని చూడాలన్నది వాటి వెనుక సూత్రం. మరోవైపు, తొలి పరిశీలనకు పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ‘తామర’ అన్న మాటలో ‘తా’ తీసేస్తే ఏమి మిగులుతుందని అడగడం, చప్పట్లతో మాటను అక్షరాలుగా విడగొట్టమనడం, అర్థం లేని అక్షరాల కూర్పును చదివించడం, నిమిషంలో ఎన్ని మాటలు చదివాడో చూడటం సాధారణ తరగతి గదిలోనే సాధ్యం. కంఠస్థం చాటున దాగిన బిడ్డ అర్థం లేని కూర్పు దగ్గర దొరుకుతాడు. దొరికిన తర్వాత బడి ఏమి చేస్తుందన్నదే అసలు ప్రశ్న.

5. నీతిచంద్రిక కథాముఖం

పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక తెలుగు విద్యార్థుల తరతరాల పాఠ్యగ్రంథం. దాని కథాముఖం చదువు అబ్బని పిల్లల కథే. పాటలీపుత్ర రాజు సుదర్శనుడు తన కొడుకుల విద్యాహీనతకు చింతించి పండితులను పిలిపిస్తాడు. విష్ణుశర్మ ఆరు నెలల్లో వారిని నీతివేత్తలను చేస్తానని ప్రతిజ్ఞ చేసి, కథలు చెప్పడం మొదలుపెడతాడు. ఆ రాకుమారులకు డిస్లెక్సియా ఉందనడం ఇక్కడ ఉద్దేశం కాదు. కథ వారి లోపాన్ని వివరించదు. గురువు ప్రవర్తనే గమనించదగినది.

విష్ణుశర్మ మూడు పనులు చేస్తాడు. పిల్లలను బోధనకు అర్హులుగా ముందే అంగీకరిస్తాడు. గడువును వారికి పెట్టడు, తనకు పెట్టుకుంటాడు. గ్రంథం పట్టని చోట నోటిమాటను, శాస్త్రం పట్టని చోట కథను ఎంచుకుంటాడు. ఆరు నెలల తర్వాత పరీక్షకు నిలిచేది రాకుమారులు కాదు, గురువు మాట. పరిశీలన నైతికంగా ఎలా ఉండాలో దీనిలో బీజప్రాయంగా ఉంది. బిడ్డను పరిశీలించిన రోజున బడి ఒక గడువును తన మీద వేసుకున్నట్టే. ఆ గడువులోగా బోధన మారకపోతే ఓడింది బడి.

ఈ గ్రంథ చరిత్రలో ఒక వైపరీత్యం ఉంది. పద్ధతి మార్చిన గురువు కథతో మొదలయ్యే నీతిచంద్రికే గ్రాంథిక వచనానికి ఆదర్శమై, బడిపిల్లలకు అందని భాషకు ప్రమాణంగా నిలిచింది. ఆ దూరం అప్పటికే పాతది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ దేశీయ పాఠశాలల గురించి పంపిన నివేదికలో, మాట్లాడే భాషకు భిన్నమైన పద్యభాషను పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేయడాన్ని ప్రస్తావించాడు. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ వాడుకకూ పుస్తకానికీ ఇంత ఎడం ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఉద్యమంగా మలిచారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు.

వ్యావహారిక వాదాన్ని సాహిత్య చరిత్ర శైలీ వివాదంగా చూస్తుంది. పఠన నీతి దృష్టితో చూస్తే అది ప్రశ్నల వరుసను మార్చిన ఘట్టం. బిడ్డ చదవలేకపోతే ముందు పుస్తకాన్ని అడగాలి, తర్వాత పద్ధతిని అడగాలి, ఆ తర్వాతే బిడ్డ వైపు చూడాలి. ఈ వరుస నేటికీ అవసరం. 2024 ఏసర్ నివేదిక ప్రకారం గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు దేశం మొత్తం మీద 23.4 శాతం. మిగిలినవారందరికీ డిస్లెక్సియా ఉండదు. వారిని కలిపి పరిశీలనలో పడవేస్తే బోధనా వైఫల్యానికి వైద్యనామం తగిలించినట్టవుతుంది. ఇంట సవర, కోయ, గోండి మాట్లాడే బిడ్డ తెలుగు వాచకం ముందు తడబడితే అది భాషల మధ్య దూరమే కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఆ దూరాన్ని ఒప్పుకున్న ప్రయత్నం.

కాని వరుసలో మూడో మెట్టును వదిలేయడం కూడా తప్పే. పుస్తకం సులభమై, బోధన మంచిదై, భాష తనదే అయినా చదవలేని బిడ్డలు కొందరు మిగులుతారు. వ్యవస్థ లోపాన్ని ఎత్తిచూపే ఉత్సాహంలో వారు ఉన్నారన్న సంగతినే మరిచిపోతే, అది సంస్కరణ పేరిట జరిగే ఉపేక్ష.

6. రెండు ఆక్షేపణలు

పేరు పెడితే బిడ్డ జీవితాంతం దాన్ని మోయాలన్నది మొదటి ఆక్షేపణ. ఇది తోసిపుచ్చదగినది కాదు. అయితే పేరు పెట్టకపోతే బిడ్డ పేరులేకుండా ఉండడు. మొద్దు, సోమరి, వీడికి చదువు ఎక్కదు అన్న పేర్లు అతని కోసం ముందే సిద్ధంగా ఉన్నాయి. రాత చదవలేని బిడ్డకు చివరికి అది తలరాత అని కూడా చెబుతారు. ఈ పేర్లు బుద్ధినీ శీలాన్నీ తప్పుపడతాయి. డిస్లెక్సియా అన్న పేరు కనీసం రెండింటినీ నిర్దోషులుగా విడిచిపెడుతుంది. ఎంపిక పేరుకూ పేరులేమికీ మధ్య కాదు, నిందించే పేరుకూ దారి చూపే పేరుకూ మధ్య.

పరిశీలన పొరపడవచ్చన్నది రెండో ఆక్షేపణ. ఏ పరిశీలనైనా కొందరిని అనవసరంగా పట్టుకుంటుంది, కొందరిని వదిలేస్తుంది. పట్టుబడిన బిడ్డకు జరిగేది రోజూ మరికాసేపు చిన్న బృందంలో చదివించడమైతే, పొరపాటు వల్ల నష్టం స్వల్పం. ఇబ్బంది లేని బిడ్డ కూడా కొంత లాభపడతాడు. జరిగేది వెనుక బెంచీయో, వేరు గదియో, చదువు మాన్పించడమో అయితే ఒక్క పొరపాటు కూడా క్షమార్హం కాదు. అంటే పరిశీలన ఎంత కచ్చితంగా ఉండాలన్నది దాని తర్వాత జరిగే పని మీద ఆధారపడుతుంది. సహాయం లేని చోట పరిశీలన ఎంత శాస్త్రీయమైనా అనైతికమే. ఐదు తరగతులను ఒంటరిగా నడిపే ఏకోపాధ్యాయురాలి చేతికి పరిశీలన పత్రం మాత్రమే ఇచ్చి, సమయాన్నీ శిక్షణనూ ఇవ్వని వ్యవస్థ ఆమెను తాను తీర్చలేని ఋణానికి సాక్షిగా నిలబెడుతుంది.

పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, ఒక భాష నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లు అవసరమైనవే. అవి పరీక్షను దాటిస్తాయి గాని చదవడం నేర్పవు. చదవడం నేర్పకుండా మినహాయింపు మాత్రమే ఇస్తే బడి బిడ్డను కాక తనను తాను మినహాయించుకున్నట్టు.

ఇక్కడ ఒక ఓదార్పునూ పరిశీలించాలి. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ హిందీ చిత్రం డిస్లెక్సియా అన్న మాటను ఎన్నో ఇళ్లకు చేర్చింది. అందులోని బాలుడు చదవలేడు, కాని అద్భుతంగా చిత్రాలు గీస్తాడు. చివరకు ఆ ప్రతిభే అతనికి గుర్తింపు తెస్తుంది. మేధావుల పేర్లు వల్లించి డిస్లెక్సియా పిల్లలను ఊరడించే అలవాటుదీ ఇదే ధోరణి. ఆ ఊరడింపులో ఒక షరతు దాగి ఉంది. చదవలేని బిడ్డ మరేదో అసాధారణంగా చేయగలిగితేనే గౌరవానికి అర్హుడన్నట్టు అది వినిపిస్తుంది. బొమ్మలు గీయలేని, పాటలు పాడలేని, నెమ్మదిగా చదివే సామాన్యుడైన బిడ్డకు కూడా బడి ఋణపడి ఉంది. చదవడం నేర్పమని కోరడానికి అతను ప్రతిభను హామీగా పెట్టనక్కరలేదు.

7. ముగింపు

పై విచారణ నుంచి మూడు నిర్ణయాలు వస్తాయి. ఒకటి, సహాయం పేరు కోసం వేచి ఉండరాదు. ఒకటో తరగతిలో తడబడిన ప్రతి బిడ్డకూ చేయూత మొదలుకావాలి. ఆ చేయూతకు బిడ్డ ఎలా స్పందించాడన్నదే తర్వాతి పరిశీలనకు నమ్మదగిన ఆధారం. రెండు, పరిశీలన పుస్తకంతో, పద్ధతితో, భాషతో మొదలై బిడ్డ దగ్గర ముగియాలి, కాని బిడ్డ దగ్గరకు తప్పక చేరాలి. మూడు, పరిశీలించినవారు గడువును తమకు విధించుకోవాలి.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను పెద్దలు బిడ్డ క్రమశిక్షణ గురించి చెబుతారు. తొలి పఠనం విషయంలో ఆ మాటను బడికి చెప్పుకోవాలి. మొక్క దశలో బిడ్డ వైపు వంగవలసింది బడి. కంఠస్థం చేసిన పేరాను అప్పజెప్పి కూర్చున్న ఆ మూడో తరగతి పిల్లవాడు తన రహస్యాన్ని కాపాడుకోవడానికి ఎంతో బుద్ధిని ఖర్చుచేస్తున్నాడు. ఆ రహస్యాన్ని కనిపెట్టడం మొదటి అర్థంలో గుర్తింపు. మరునాడు అతని పక్కన కూర్చుని, ఒక మాటను అక్షరాలుగా విడదీసి, అతని వేలు పట్టుకుని మళ్లీ కలపడం రెండో అర్థంలో గుర్తింపు. రెండోది చేయగలిగిన వ్యవస్థకే మొదటిది చేసే అర్హత ఉంటుంది.